చాట చప్పుడు జర పెంచు

మా సురేందర్ తన పాట పెట్టినప్పుడల్లా విన్నవాళ్లు అడిగే మాట ఒకటే: "ఎప్పుడు మొదలైతది?" అప్పటికి పాట సగం అయిపోయి ఉండేది.

సురేందర్ నా కొడుకు. పెళ్లి బరాత్‌లలో ప్యాడ్ వాయించేవాడు. ప్యాడ్ అంటే గడులు గడులుగా ఉండే కరెంటు పలక. పుల్లతో ఒక గడి మీద కొడితే డోలు మోగుతుంది, పక్క గడి మీద కొడితే తాళాలు మోగుతాయి. కోదాడలో జవహర్ అని ఒకతనికి డీజే బండి ఉంది. మనిషెత్తు సౌండు బాక్సులు వరసగా పేర్చి కట్టిన బండి అది. మీసాలు రాకముందే నా కొడుకు ఇట్లాంటి బండెక్కాడు. ఇప్పుడు వాడి గడ్డంలో తెల్ల వెంట్రుకలు. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు, ఎక్కడ పెళ్లయినా పెళ్లికొడుకు కారు ముందర, ఆ బాక్సుల పక్కన నిలబడి వాడే వాయించాలి. ఆ మోతకు వీధిలో కిటికీ అద్దాలు వణుకుతాయి, ముసలివాళ్లు గుండె పట్టుకొని లోపలికి పోయి తలుపేసుకుంటారు. వాడికి తలుపు ఎక్కడిది? ఊరేగింపు ఇల్లు చేరేదాకా అక్కడే నిలబడాలి.

ఇక వాడి సొంత పాట సంగతి. మూఢాలు వచ్చి పెళ్లిళ్లు బందయిన నెలల్లో, సూర్యాపేటలో మా కిరాయి ఇంటి ముందరి గదిలో కూర్చొని, ఎవరో వాడుకొని వదిలేసిన లాప్‌టాప్ మీద చేసుకునేవాడు. అందులో మాటలుండవు. కూనిరాగం తీద్దామన్నా ఏమీ దొరకదు. మెత్తగా ఒకే దెబ్బ, నిద్రపోతున్న పసిపిల్ల రొమ్ము మీద చెయ్యి వేస్తే తగులుతుందే, అట్లా పడుతూనే ఉంటుంది. దాని మీదికి ఒక సన్న చప్పుడు వచ్చి చేరుతుంది. చాలాసేపటికి ఇంకొకటి. చుట్టాలు వచ్చి, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నట్టు. కాసేపుండి, వచ్చిన దారినే ఒక్కొక్కటీ వెళ్లిపోతాయి. దాన్ని మినిమల్ హౌస్ అంటారట.

"అంటే సామాన్లు లేని ఇల్లు," అని మా కోడలు కృపారాణి అర్థం చెప్పింది. ఆమె అంగన్‌వాడీ టీచరు, నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చినది. "మనిల్లు గట్లనే ఉన్నది గద, మళ్ల పాట గూడ ఎందుకు?"

జవహర్ వింటే ఇంకో తీరు. అతనిది కోదాడ, మాట కొంచెం ఆంధ్రా దిక్కు ఒరుగుతుంది. "బానే ఉంది గానీ సురేందరన్నా, ఎగిరేది ఎక్కడ? పెళ్లికొడుకు మేనమామ మందేసుకొని వచ్చాడనుకో, పాపం ఏ దెబ్బకి ఎగరాలి?"

"ఇది ఎగిరేది గాదురా, ఊగేది," అని సురేందర్ నవ్వేవాడు. నవ్వినా లోపల గుచ్చుకునేదని నాకు తెలుసు. అందరూ చెప్పాక ఆఖర్న లాప్‌టాప్ నా దిక్కు తిప్పేవాడు. "నువ్వు సెప్పమ్మా."

నన్నే ఎందుకు అడిగేవాడో చెప్పాలంటే వాళ్ల నాయన జంగయ్య సంగతి చెప్పాలి.

మాది హుజూర్‌నగర్ పక్క పల్లె. జంగయ్య డప్పు కొట్టేవాడు. పెళ్లయినా, చావయినా, జాతరయినా ముందు జంగయ్యకు కబురొచ్చేది. కబురు రాగానే గడ్డి అంటించి, ఆ సెగకు డప్పు కాచి, అరచేత్తో రుద్ది, నన్ను చెలక అవతలి గట్టు మీదికి పొమ్మనేవాడు. ఇంటి ముందర నిలబడి కొట్టేవాడు.

"ఎట్లున్నదే బాలమ్మా?" అని ఇక్కడి నుంచి అరుపు.

"మూకుడు మోగినట్టున్నది! ఇంక జర కాయి!" అని అక్కడి నుంచి నేను.

కొట్టేవాడికి తన డప్పు మోత సగమే తెలుస్తుందట, దూరాన ఉన్నవాళ్లకే మొత్తం తెలుస్తుందట. పొగిడితే జంగయ్యకు కోపం వచ్చేది. "మంచిగున్నదంటే నాకేం లాభమే? యాడ మంచిగ లేదో సెప్పు," అనేవాడు. పెళ్లయిన కొత్తలో నాకు విడ్డూరంగా ఉండేది. లోకంలో మగవాళ్లు పెళ్లాం మెచ్చుకోవాలని చూస్తారు, ఈయన తప్పులు పట్టించుకోవడానికి చేసుకున్నాడా అని. తర్వాత అదే మా ముచ్చట అయిపోయింది. సురేందర్ కడుపులో ఉన్నప్పుడూ గట్టు మీదికి పోయాను, పుట్టాక చంకలో వేసుకొని పోయాను. వాడికి మాటలు వచ్చీరాని వయసులోనే, నేను నోరు తెరవకముందే "కాయి! కాయి!" అని తండ్రి మీద అరిచేవాడు. జంగయ్య నవ్వు ఆపుకోలేక డప్పు కింద పెట్టేవాడు.

జంగయ్య పోయి చాలా ఏళ్లయింది. బతికినన్నాళ్లూ ఆయన చెవులు పాము చెవులు. గొడ్ల కొట్టంలో తాడు తెగినా వినేవాడు. డప్పు మోత ఆకాశంలోకి పోతుంది. బాక్సు మోత పక్కన నిలబడ్డవాడి చెవిలోకి పోతుంది. ఆ తేడా మాకు అప్పుడు తెలియదు.

మిర్యాలగూడలో అనసూయమ్మ అని, రైసుమిల్లున్న పేరుగల పాత కుటుంబం. ఆమె కొడుకు నిఖిల్. వాళ్లింట్లో పెళ్లికి బరాత్ మావాళ్లదే. అంతా అయ్యాక, బాక్సులు విప్పే ముందు వైర్లు సరిచూసుకోవడానికి సురేందర్ తన పాట ఒకటి చిన్నగా పెట్టాడట. నిఖిల్ తలపాగా తీసి చంకలో పెట్టుకొని వచ్చి, "అన్నా, ఇది ఎవలది?" అని అడిగాడట.

"నాదే," అన్నాడట మావాడు. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పేటప్పుడు కొత్త కోడలు లాగా సిగ్గుపడ్డాడు.

నిఖిల్ కూడా ఇట్లాంటి పాటలే చేసుకుంటాడు. ఫోనులో వాళ్లకొక గుంపు ఉంది. దేశదేశాలవాళ్లు. ఇళ్లల్లో చేసుకున్న పాటలు అందులో పెడతారు, మిగతావాళ్లు విని చెప్తారు. ఉత్తగా బాగుందని రాయడానికి వీల్లేదు. ఒక మంచి చెప్పాలి, ఒక లోపం చెప్పాలి. నిఖిల్ మా సురేందర్‌ను కూడా అందులో చేర్చాడు.

"గిది మీ నాయన పెట్టిన రూలే గదరా," అన్నాను నేను. "ఆ దేశాలోళ్లకు ఎవలు సెప్పిన్రు?"

ఈ ఏడాది ఆ గుంపువాళ్లంతా కలిసి, మంచివనుకున్న పాటలు ఏరి, చేసినవాళ్ల పేర్లు వేసి బయటికి తేవాలనుకున్నారు. నిఖిల్ ఫోను చేశాడు. "నీదొకటి ఉండాల్సిందే అన్నా. గుంపుల పెట్టేముందు ఒకసారి మా ఇంటికి తీస్కరా, పెద్ద బాక్సుల మీద విందాం."

"బయటికొస్తే ఏమొస్తది?" అని కృపారాణి అడిగింది.

"నా పేరొస్తది."

"పేరుతోని కూరొండాల్నా?"

మరునాడు నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. "అమ్మా, ఇన్నేండ్ల సంది కొడుతున్న. ఎగిరెటోళ్లు ఎగిరిన్రు, పోయిన్రు. సురేందర్ కొట్టిండని ఎవ్వడన్న అన్నడా? ఇదొక్కటన్న నాది అని ఉండాలె. నువ్వు జర మంచిగ విని సెప్పు. యాడ తప్పున్నా సెప్పు."

సరేనన్నాను. నా పని అదే కదా మరి.

ఒక పొద్దున గడపలో కూర్చొని కంట్రోల్ బియ్యం చెరుగుతున్నాను. సురేందర్ ఫోను తెచ్చి నా చాట పక్కన పెట్టాడు. "మాట్లాడకుండ చెరుగమ్మా." నన్ను మాట్లాడకుండా ఉండమనడం అంటే చేపను ఈదకుండా ఉండమనడం. అయినా మూతి బిగబట్టుకొని చెరిగాను. ఆ చప్పుడులోంచి ఒక ముక్క తీసుకొని పాటలో కలిపాడు. దెబ్బ దెబ్బకూ మధ్య నా చాట అన్నమాట.

పెట్టి వినిపించాడు. దెబ్బ మెత్తగా పడుతోంది. వేరే చప్పుళ్లు వచ్చాయి, పోయాయి.

"ఏదిరా నా చాట?"

"ఉన్నదమ్మా. జర తక్కువున్నట్టున్నది, నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది."

"చాట చప్పుడు జర పెంచు."

పెంచాడు. ఇంకొంచెం పెంచమన్నాను. నా చాట సంగతి నాకు తెలియదా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెరుగుతున్నాను. ఊళ్లో పెళ్లంటే పది చాటలు వరసగా ఆడేవి, కళ్లు మూసుకొని ఏ చాట ఎవరిదో చెప్పేదాన్ని. వాడు పెంచుతూ పోయాడు, నేను ఇంకా ఇంకా అంటూ పోయాను. ఆఖరికి ఒకచోట నా చెవిని తాకింది, సరసర, సరసర. ఎన్నాళ్లకు విన్నానో అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లకు అని ఎందుకు అనిపించిందో అప్పుడు ఆలోచించలేదు. రోజూ చేతిలో ఉండే చాటే కదా.

"ఇగ సరిపోయింది," అన్నాను. "గిదీ చాటంటే."

"నాకు గూడ గీడనే సరిపోయింది," అన్నాడు సురేందర్. వాడి మొహం వెలిగిపోయింది.

లోపలి నుంచి నా మనవరాలు కెజియా చెవులు మూసుకొని వచ్చింది. ఇంటర్ చదువుతోంది. "నానా, బంద్ చెయ్! చెవులల్ల సూదులు గుచ్చుతున్నట్టున్నది."

"రోజంత ఫోన్‌ల ఒర్రిపిచ్చుకుంటవ్, అవి గుచ్చయా?" అని నేనే కసిరాను.

"నిజమే అత్తమ్మా, నాకు గూడ తలకాయ నొస్తున్నది," అంది కృపారాణి.

సురేందర్ వినిపించుకోలేదు. "మీరు ఎన్నడన్న మంచిగున్నదన్నరా? అమ్మ అబద్ధం సెప్పది. మా నాయనకే మొహం మీద సెప్పింది."

అప్పటికే కృపారాణి ఒక మాట అంటూ ఉండేది. ఈయన నేను చెప్పేది సగం వినడు, ప్రతిదానికీ "ఆఁ?" అంటాడు అని. మగవాళ్లందరికీ ఉన్న రోగమే కదా అని నవ్వుకున్నాం.

ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కాం. నువ్వు రావాల్సిందేనని పట్టుబట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, బొత్తాం మెడ దాకా పెట్టుకున్నాడు. మిల్లు దగ్గర దిగితే ఉడికిన వడ్ల వాసన. అనసూయమ్మ ఎదురొచ్చింది. నేను కింద కూర్చోబోతే రెక్క పట్టి లేపి, "కుర్సీల కూసో బాలమ్మా, ఇంకా ఏ కాలంల ఉన్నవ్?" అని కోప్పడింది. నా కుర్చీ పక్కనే తన కుర్చీ వేసుకుంది.

నిఖిల్ గది మిల్లు ఆఫీసు పైన ఉంది. గోడలకు మెత్తలు అంటించాడు. మూలకు రెండు బాక్సులు, మా బండి మీద ఉండేవాటి ముందు పిల్లలు. సురేందర్ పాట ఇచ్చాడు. నిఖిల్ మీట నొక్కాడు.

నేను వాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాను. ముందర మెత్తని దెబ్బ పడుతుంటే నిఖిల్ కళ్లు మూసుకున్నాడు. పెదవుల మీద నవ్వొచ్చింది. సురేందర్ నా చెయ్యి నొక్కాడు. తర్వాత చాట వచ్చింది. నిఖిల్ చెయ్యి చప్పున చెవి దాకా లేచింది. మర్యాదకు అక్కడ ఆపుకొని మెడ గోక్కున్నాడు. అనసూయమ్మ చీర కొంగు తల మీదికి లాక్కొని చెవుల మీద గట్టిగా పట్టుకుంది. అయినా ఇద్దరూ ఆఖరి దాకా కూర్చున్నారు. మంచివాళ్లు.

పాట అయిపోయింది.

"అన్నా, కింది దెబ్బ మస్తున్నది," అన్నాడు నిఖిల్. "ఆ మధ్యల ఖాళీలు ఇడిసిపెట్టినవ్ చూడు, అవి నాకు ఎన్నడూ చేతగాలే."

"అది మంచి. ఇగ లోపం సెప్పు తమ్ముడూ. రూలు రూలే."

"ఆ పైన సరసరమంటది గద..."

"మా అమ్మ చాట."

"మస్తు ఆలోచన అన్నా. గాని అంత ఎందుకు పెంచినవ్?"

"అమ్మనే పెంచుమన్నది," అన్నాడు సురేందర్, గర్వంగా.

అనసూయమ్మ ఇక ఆగలేకపోయింది. "ఏమనుకోకు బాలమ్మా, అది చాటనా? కాలిన పెనం మీద నీళ్లు గొట్టినట్టున్నది. నా పండ్లు జివ్వుమంటున్నయి."

నిఖిల్ తల్లి వైపు గుర్రుగా చూసి, "జర తగ్గిచ్చి పెడత, వినున్రి," అని పాట మళ్లీ మొదలుపెట్టాడు. ఏదో మీట మెల్లగా కిందికి దించాడు.

"ఆఁ, ఇగో," అంది అనసూయమ్మ. "ఇప్పుడు అచ్చం చెరిగినట్టున్నది. మా అమ్మ యాదికొస్తున్నది."

నేను వింటున్నాను. దెబ్బ పడుతోంది. దెబ్బ పడుతోంది. చాట వస్తుంది, ఇంకా రాలేదు, వస్తుంది అని బాక్సు వైపు చూస్తున్నాను.

"తీసేసినవా బిడ్డా?" అని అడిగాను.

"తీయలేదవ్వా. నడుస్తనే ఉన్నది. ఇగో," అని వేలితో గాలిలో చూపించాడు, సర, సర అని. వాడి వేలు కనిపించింది. చప్పుడు లేదు.

ముసలిదాన్ని, నా చెవులు పోతే పోయాయి. పళ్లు పోలేదా, చూపు తగ్గలేదా? నాకు దాని బాధ లేదు. పక్కకు తిరిగి నా కొడుకును చూశాను. వాడు తల ఊపుతున్నాడు. కళ్లు చికిలించి, నేను చూసినట్టే బాక్సు వైపు చూస్తున్నాడు.

నిఖిల్ వాడి మొహం చూడలేదు, తెర వైపు తిరిగి ఉన్నాడు. "ఇప్పుడు ఉన్నది గదా అన్నా. అది లేకపోతే పాట ఎట్ల బోసిగ ఐతదో చూడు," అంటూ ఒక మీట నొక్కాడు. అనసూయమ్మ, "అయ్యో, పోయింది," అని పెదవులు కదిపింది, నేను చూశాను. సురేందర్ ఆ మాట వినలేదు.

"ఆఁ, ఇగో తమ్ముడూ," అన్నాడు సురేందర్ గట్టిగా. "ఇప్పుడు సరిగ్గ వస్తున్నది చాట. మంచిగున్నది."

నిఖిల్ వెనక్కి తిరిగాడు. అతనూ అనసూయమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దెబ్బ ఒక్కటే పడుతోంది. నిఖిల్ నోరు తెరిచి, మూసుకున్నాడు. వాడు అనలేడు. వయసులో చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు, ఎట్లా అంటాడు?

తప్పు చెప్పడం నా పని. "కొడుకా," అన్నాను. "చాట లేదు. ఆ పిల్లగాడు తీసేసిండు. ఉన్నప్పుడు గూడ నాకు వినబడలే. నీకు గూడ వినబడలే."

సురేందర్ నా వైపు చూశాడు. గట్టు మీద నా చంకలో ఉన్నప్పటి మొహం. "వినబడ్డదమ్మా," అన్నాడు. తర్వాత, "జర జర," అన్నాడు.

అనసూయమ్మ లేచి నా ముందర చాయ్ పెట్టింది. చల్లారేదాకా అది అట్లాగే ఉంది.

బస్సులో కిటికీ పక్కన వాణ్ణే కూర్చోబెట్టాను. చాలా దూరం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అది నా జన్మలో వింత.

"ఎన్నటి సంది రా?" అని అడిగాను ఆఖరికి.

"ఏమో అమ్మా. బరాత్ అయినంక చెవులల్ల ఈలేసినట్టు ఉంటది. పండుకుంటే పోతుండె. ఈ నడుమ పోతలేదు. అందరికి గట్లనే ఉంటదనుకున్న." నా దిక్కు తిరిగి, "నీకు వినబడ్డకాడ నాకు వినబడ్డది. ఇద్దరికీ ఒక్కకాడనే సరిపోయింది. గందుకే గంత నమ్మిన," అన్నాడు.

నేను వాడి ఈడులో ఉన్నప్పుడు నాట్లేస్తూ, అవతలి మడిలో ఆడవాళ్లు గుసగుసలాడితే విని ఇక్కడి నుంచి జవాబు చెప్పేదాన్ని. ఆ మాట వాడితో అనలేదు.

కృపారాణి ఊరుకోలేదు. సూర్యాపేటలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది, నేనూ పోయాను. వాణ్ణి అద్దాల డబ్బాలో కూర్చోబెట్టి చెవులకు మిషన్ పెట్టారు. చప్పుడు వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కాలట. మేము బయటి నుంచి చూస్తున్నాం. మొదట్లో బాగానే నొక్కాడు. తర్వాత బొత్తాం మీద బొటనవేలు పెట్టుకొని అట్లాగే కూర్చున్నాడు. లోపల చప్పుళ్లు వస్తున్నాయో లేదో మాకు తెలియదు. వాడికీ తెలియదు.

"మీ అబ్బాయివి మీ వయసువాళ్ల చెవులు పెద్దమ్మా," అన్నాడు డాక్టరు. "పెద్ద చప్పుళ్ల దగ్గర పనిచేస్తే ముందు సన్న చప్పుళ్లే పోతాయి. పోయినవి రావు. ఉన్నవి కాపాడుకోవాలి. ఇక ఆ బాక్సుల పక్కన నిలబడకూడదు."

"చెవి మిషన్ పెట్టుకుంటే?" అని కృపారాణి అడిగింది.

"మాటలు బాగా వినిపిస్తాయి. సంగీతం మునుపటిలా వినిపించాలంటే మాత్రం కష్టం."

ఇంటికొచ్చాక కృపారాణి నా పక్కన కూర్చొని, "నీ తప్పేంది అత్తమ్మా, నీకు వినబడ్డదే నువ్వు సెప్పినవ్," అంది. తప్పని నేను అనుకోలేదు. తప్పయితే దిద్దుకోవచ్చు. ఇది దిద్దుకునేది కాదు.

జవహర్ కోదాడ నుంచి వచ్చాడు. వచ్చేటప్పుడు అరడజను అరటిపళ్లు తెచ్చాడు, దవాఖానకు వచ్చినట్టు. ప్యాడ్ మీదికి వేరే మనిషిని చూసుకుంటానని, సురేందర్‌ను బండి తోలమని అన్నాడు. "క్యాబిన్లో అద్దాలెత్తుకొని కూర్చో అన్నా, చెవుల్లో దూది పెట్టుకో."

"నువ్వు గూడ సూపిచ్చుకో జవహరూ," అన్నాను. "నువ్వు గూడ ఆ బాక్సుల పక్కనే గద."

జవహర్ తల అడ్డంగా ఊపాడు. "నేను చూపించుకోను పెద్దమ్మా. చూపించుకుంటే తెలిసిపోద్ది."

సురేందర్ ఇప్పుడు బండి తోలుతున్నాడు. వెనక తన ప్యాడ్ మీద ఇంకెవరో కొడుతుంటే, మనిషి నడక కంటే మెల్లగా, అద్దాలెత్తుకొని. లాప్‌టాప్ మూతపెట్టి అల్మారాలో పెట్టాడు.

చాట తను తగ్గించిన పాటను నిఖిల్ గుంపులో పెట్టాడు. పెట్టేముందు ఫోను చేసి అడిగాడు. సురేందర్, "నీకు ఎట్ల మంచిగనిపిస్తే గట్ల పెట్టు తమ్ముడూ, నాకు తెల్వది," అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి వాడికి ఎంత కష్టమయిందో నేను చూశాను.

ఒక ఆదివారం కృపారాణి, కెజియా చర్చి నుంచి వచ్చాక అందరం అన్నాలు తిన్నాం. అప్పుడు కెజియా ఫోను తెరిచి, "నానా, నీ పాటకు అందరు రాసిన్రు," అంది. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులోకి మార్చి, తండ్రి పక్కన కూర్చొని, గట్టిగా చదవసాగింది. ఒకరు దెబ్బ మెత్తగా ఉందన్నారు, మధ్యలో ఖాళీ మరీ ఎక్కువసేపు ఉందన్నారు. ఇంకొకరు ఆ ఖాళీయే బాగుందన్నారు, ఆఖరు తొందరగా ముగించారన్నారు. సురేందర్ ఒక్కొక్కదానికీ తల ఊపాడు. "అవును, ఆఖరు తొందరైంది. నిజమే," అన్నాడు.

"ఇంకొకామె రాసింది," అంది కెజియా. "పాటంతట్ల అన్నిట్లకంటే మంచిగున్నది ఆ పైన సరసర చప్పుడట. అది వాయిద్యం లెక్క లేదట, పక్కన మనిషి కూసున్నట్టున్నదట. మల్లమల్ల అదొక్కటే విన్నదట. ఏంది ఆ వాయిద్యం అని అడుగుతున్నది. తర్వాత అందరు గదే అడిగిన్రు."

కృపారాణి కంచాలు తీసుకొని లోపలికి పోయింది. పాటను తీసుకున్నారని, సురేందర్ పేరుతో బయటికి వస్తుందని కెజియా చెప్పింది. వాడు సంతోషపడ్డాడు. నిజంగానే సంతోషపడ్డాడు, నేను తల్లిని, నాకు తెలుస్తుంది. ఆ సంతోషం వాడి మొహం మీద ఎంతోసేపు నిలవలేదు, అంతే.

"జవాబు రాయాలె గద," అన్నాడు.

"చాట అని రాస్త నానా. ఫొటో పెడత."

"ఫొటో సూస్తే ఏం తెలుస్తది? ఆమె చప్పుడు గురించి అడిగింది. చప్పుడు ఎట్లుంటదో రాయాలె." రాయమని చెప్పడానికి నోరు తెరిచాడు. నా దిక్కు తిరిగాడు. "అమ్మా, ఎట్లుంటదది? నాకు యాదికొస్తలేదు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. "ముందుగాల బియ్యం లేస్తయి బిడ్డా. లేసినప్పుడు చప్పుడుండది. పడేటప్పుడు మొదటి గింజలు పలచగ పడ్తయి, తొలి చినుకులు ఎండుటాకుల మీద పడ్డట్టు. ఎనుకంగ అన్ని కలిసి జారుతయి, గంజి పెట్టిన కొత్త చీర మడత ఇప్పితే వస్తది సూడు, గట్ల. నూకల చప్పుడు ఏరే. అది ఇంకా సన్నం, పసిపిల్ల ముక్కుల ఊపిరి లెక్క. మా అత్త చెరిగితే నూక చప్పుడు ఒకదిక్కు, బియ్యం చప్పుడు ఒకదిక్కు ఇనపడేటియి. ఆమెది ఈత చాట, అంచుకు పాత గుడ్డ కుట్టుకున్నది..."

కెజియా టకటకా రాసుకుంటోంది. సురేందర్ గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నాడు. చెప్తూ చెప్తూ నాకే అనుమానం వచ్చింది. నాకు గుర్తొస్తున్నది చప్పుడేనా? మా అత్త చేతులు కనిపిస్తున్నాయి, మణికట్టు మీది పచ్చబొట్టు కనిపిస్తోంది, ఎండలో లేచిన తవుడు కనిపిస్తోంది. చప్పుడు అనుకొని నేను చెప్తున్నదంతా కళ్లతో చూసిందేనేమో. చెప్పడం ఆపేశాను.

"ఇంకా?" అన్నాడు సురేందర్, కళ్లు తెరవకుండానే.

"అంతే బిడ్డా."

"ఇంకా ఉంటదమ్మా. సెప్పు. వచ్చేటట్టే ఉన్నది."

కెజియా ఫోను కింద పెట్టి తండ్రి మొహం చూస్తోంది. నేను దగ్గరికి జరిగి, వాడికి వినిపించేలా గట్టిగా, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ముందుగాల బియ్యం లేస్తయి బిడ్డా. లేసినప్పుడు చప్పుడుండది.